పిట్టకి మన చూపు తెలుసు: మొరం గుంత దగ్గర ఒక వేసవి

మా ఊరి మొరం గుంతలో 2024 మే 13న తీసిన ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. పసిరిక పిట్ట పత్తి కట్టె మీద కూర్చుంది, ముక్కులో తూనీగ, వెనకాల ఎర్రమట్టి మసకగా. కన్ను కుంకుమ రంగులో మెరుస్తోంది, తూనీగ రెక్కల్లోని గళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. తీసిన రోజు మధ్యాహ్నం దాన్ని ఫోన్లోకి ఎక్కించుకొని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాను. అదే రాత్రి దాన్ని పక్కన పెట్టేశాను. చెరిపెయ్యలేదు గానీ, బాగున్న ఫోటోల ఫోల్డర్లో మాత్రం అది లేదు. ఆ వేసవిలో నేను తీసిన మిగతా ఫోటోలన్నీ ఆ ఒక్క ఫోటోలో జరిగిన తప్పు వల్ల మారిపోయాయి కాబట్టి, మొదటి నుంచీ రాస్తున్నా.

నా పని పెళ్లి ఫోటోలు. సిద్దిపేట చుట్టుపక్కల పదిహేనేళ్లుగా అదే పని. మామూలుగా వేసవి అంటే మాకు ఊపిరాడదు, ఒక్కోరోజు రెండు పెళ్లిళ్లు ఉంటాయి. 2024లో మాత్రం శుక్ర మూఢం, గురు మూఢం కలిసొచ్చి మే, జూన్ రెండు నెలలూ ముహూర్తాలు లేవు. ఫంక్షన్ హాళ్లు, వంటవాళ్లు, బ్యాండు వాళ్లు అందరూ ఖాళీ. నేను బ్యాగు సర్దుకొని ఊర్లో అమ్మ దగ్గరికి వెళ్లిపోయా. సామాను పెద్దగా ఏం లేదు: పాత క్రాప్ సెన్సర్ బాడీ (చిన్న సెన్సర్ ఉండే కెమెరా), ఒక 70-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు, ట్రైపాడ్, నర్సరీల వాళ్లు కట్టే ఆకుపచ్చ నెట్టు రెండు గజాలు. పక్షుల ఫోటోలకి 600 మిల్లీమీటర్ల పొడుగు లెన్సు లేకపోతే కుదరదని చాలామంది అనుకుంటారు. కుదురుతుంది, మనం కూర్చునే చోటు సరిగ్గా ఎంచుకుంటే.

చెరువు కట్ట దిగి పత్తి చేన్ల మధ్య బండ్లబాట మీద కిలోమీటరు నడిస్తే మొరం గుంత వస్తుంది. ఇళ్ల పునాదులు నింపడానికి ఏళ్ల తరబడి అందరూ తవ్వుకుపోయిన గుంత అది. పడమటి వైపు ఏడడుగుల గోడ నిలువుగా మిగిలింది, పొద్దున్నే ఎండ సూటిగా దాని మీద పడుతుంది. ఆ గోడలో ఏడు బొరియలు. నిమ్మకాయ దూరేంత వెడల్పు, లోపలికి మనిషి చెయ్యి పొడవుకి తక్కువ కాకుండా ఉంటాయి. ముక్కుతో తవ్వి, కాళ్లతో మట్టి వెనక్కి చిమ్ముతూ పసిరిక పిట్టలే చేసుకుంటాయి. కరెంటు తీగల మీద వరసగా కూర్చునే పచ్చటి చిన్న పిట్ట, తోక మధ్యలోంచి రెండు సన్నటి ఈకలు సూదుల్లా బయటికి ఉంటాయి, అదే. ఇంగ్లీషులో గ్రీన్ బీ ఈటర్ అంటారు. మే రెండో వారానికి మూడు బొరియల్లోకి పెద్ద పిట్టలు పురుగులు మోయడం మొదలుపెట్టాయి, అంటే లోపల పిల్లలున్నాయి.

ఫోటోగ్రాఫర్‌గా ఆ చోటు చూడగానే నాకు లెక్క వచ్చేసింది. పొద్దున్న సూర్యుడు నా వీపు వెనక, బొరియ నా ఎదురుగా, మధ్యలో గుంత అంచున ఎవరో హద్దు కోసం పాతిన పత్తి కట్టె, దాని మీదే పిట్టలు వాలుతున్నాయి. కట్టెకి ఎనిమిది మీటర్ల దూరంలో కూర్చుంటే, 300 దగ్గర నా కెమెరా ఫ్రేము వెడల్పు 62 సెంటీమీటర్లు వస్తుంది. తోక ఈకలతో కలిపి పిట్ట ఓ జానెడు ఉంటుంది, అంటే ఫ్రేములో మూడో వంతు. అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) 5.6 పెడితే ఆ దూరంలో 16 సెంటీమీటర్ల మందం ఫోకస్‌లో ఉంటుంది, పిట్ట పక్కకి తిరిగి కూర్చుంటే ముక్కు నుంచి తోక దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నా. మే 11 పొద్దున నెట్టు కప్పుకొని సరిగ్గా గోడకి ఎదురుగా కూర్చున్నా.

ఫోటోలు ధారాళంగా వచ్చాయి. పిట్ట పురుగుతో వస్తుంది, కట్టె మీద వాలుతుంది, కూర్చుంటుంది. అటు చూస్తుంది, ఇటు చూస్తుంది, తోక ఆడిస్తుంది, అలాగే కూర్చుంటుంది. నాకు కావలసినంత టైము. నిలువు, అడ్డం, బిగువుగా, వదులుగా అన్ని రకాలుగా తీశా. ఈ పిట్టలు ఎంత ఓపికగా పోజు ఇస్తున్నాయో అని అమ్మతో కూడా అన్నాను.

మే 13 పార్లమెంటు ఎన్నికల పోలింగ్. ఆ పొద్దున కూడా గుంత దగ్గరే ఉన్నా. తూనీగతో వచ్చిన పిట్ట ఒకటి కట్టె మీద ఎంతసేపటికీ కదల్లేదు. ఏడు దాటాక బాట మీద వెళ్తూ కాక నన్ను చూసి ఆగాడు.

"ఏందిరా, పొద్దుగాల్నే గీడ గూసున్నవ్? ఓటుకు రావా?"

"వస్త కాకా, అమ్మను దీస్కొని వస్త" అని తల తిప్పి నాలుగు మాటలు మాట్లాడా. మళ్లీ ఇటు తిరిగేసరికి కట్టె మీద పిట్ట లేదు, ఒక పిట్ట బొరియలోంచి బయటికి దూకి ఎగిరిపోతోంది. అప్పుడు నాకేమీ తట్టలేదు. ముక్కులో తూనీగతో ఫోటో దొరికింది కదా అన్న సంతోషంలో ఉన్నాను.

రాత్రి భోజనాలయ్యాక ఫోటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి టైము ప్రకారం పేర్చాను. పెళ్లికి రెండు మూడు కెమెరాలతో తీస్తాం కాబట్టి ప్రతి ఫ్రేముకీ గంట, నిమిషం, సెకను చూసుకోవడం మాకు అలవాటు. తూనీగ ఫోటోల్లో మొదటిది 6:41. చివరిది 7:08. ముందు నమ్మలేదు, రెండు మూడు తూనీగలు అయ్యుంటాయిలే అనుకున్నా. పెద్దది చేసి చూస్తే అన్ని ఫ్రేముల్లోనూ తూనీగ ఎడమ వెనక రెక్క చివర ఒకేలా చిరిగి ఉంది. ఒకే తూనీగ. 27 నిమిషాలు. బొరియకి మూడు మీటర్ల దూరంలో, పిల్లలకి తెచ్చిన తిండి ముక్కున పెట్టుకొని ఆ పిట్ట 27 నిమిషాలు కూర్చుంది. పోజు ఇవ్వలేదు. నేను కన్ను ఎప్పుడు పక్కకి తిప్పుతానా అని చూసింది. కాక పిలిచిన ఆ అర నిమిషంలో పని చూసుకొని పోయింది.

పిట్టలు మనిషికి భయపడతాయని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఇది అది కాదు. నాకు భయపడితే ఎనిమిది మీటర్ల దూరంలోకి వచ్చి వాలదు. దానికి నాతో ఇబ్బంది లేదు, నేను బొరియని చూడటంతోనే ఇబ్బంది. ఇది నా ఊహ అనుకునేవాణ్ణేమో గానీ, దీని మీద మన దేశంలోనే జరిగిన పని ఒకటి ఉంది. పుణెకు చెందిన జీవశాస్త్రవేత్త మిలింద్ వాట్వే, ఆయనతో పాటు మరో ఇద్దరు, 1999లో కరెంట్ సైన్స్ పత్రికలో దీన్ని ప్రచురించారు. వాళ్లు చూసింది కూడా ఈ పసిరిక పిట్టలనే. మనిషి బొరియ కనిపించే చోట నిలబడితే పిట్ట లోపలికి వెళ్లడం తగ్గిపోతుంది. అదే మనిషి, పిట్టకి కనిపిస్తూనే, తనకి బొరియ కనిపించని చోట నిలబడితే పిట్ట బొరియలోకి వెళ్లిపోతుంది. అంటే తనకి ఎదుటివాడు కనిపిస్తున్నాడా లేదా అన్నది ఒక్కటే కాదు, ఎదుటివాడికి ఏం కనిపిస్తోంది అన్నది కూడా అది లెక్కేసుకుంటోంది. గూడు ఎక్కడుందో చూసినవాడు తర్వాత వచ్చి తవ్వుకుపోవచ్చు. పాము గానీ, కుక్క గానీ, మనిషి గానీ. పిట్ట వైపు నుంచి ఆలోచిస్తే అది చేసింది పూర్తిగా సరైన పని.

అది చదివాక మర్నాడు వెళ్లలేదు. 15వ తేదీ పొద్దున వెళ్లి గుంత చుట్టూ తిరిగి చూశాను. ఉత్తరం కొసన గోడ కొంచెం బయటికి పొడుచుకొచ్చిన చోటు ఉంది, దాని పక్కన చిన్న తుమ్మ చెట్టు. ఆ చెట్టు మొదట్లో కూర్చుంటే గోడ ముఖం కనిపించదు, బొరియలు ఒక్కటీ కనిపించవు, పత్తి కట్టె మాత్రం చక్కగా కనిపిస్తుంది. దూరం అదే ఎనిమిది మీటర్లు. నెట్టు కూడా కప్పుకోలేదు, ఊరికే కూర్చున్నా. మొదటి పిట్ట వచ్చి వాలింది, నన్ను చూసింది, అటూ ఇటూ రెండుసార్లు తల తిప్పింది, గోడ వైపు వెళ్లిపోయింది. కెమెరా పైకెత్తే లోపే అయిపోయింది. అప్పట్నుంచి మూడు పొద్దులు వాచీ పెట్టుకొని చూశాను. వాలిన దగ్గర్నుంచి వెళ్లేదాకా ఒక్కసారి కూడా రెండు నిమిషాలు దాటలేదు, ఎక్కువసార్లు అర నిమిషంలోపే. ఇదేమీ శాస్త్ర పరిశోధన కాదు, ఒక గుంత, మూడు గూళ్లు, నేను ఒక్కణ్ణి. కానీ ఎదురుగా కూర్చున్న మూడు రోజుల టైములతో పక్కన పెట్టి చూసుకుంటే నాకు అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టుకోవడం మాత్రమే కాదు, పక్షుల గుడ్లనీ గూళ్లనీ కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా ఉంది. గూటి ఫోటోలకి చాలా పోటీల్లో చోటు లేకపోవడానికి కారణం కూడా ఈ ఇబ్బందే. తుపాకీ పట్టుకున్నవాడికే వర్తిస్తుందనుకున్న మాట కెమెరా పట్టుకున్న నాకూ వర్తిస్తుందని అప్పుడే మొదటిసారి గట్టిగా అనిపించింది.

సరే, ఫోటో సంగతికి వద్దాం. టైము తగ్గిపోయాక ఫోటోలు పోతాయనుకున్నా. పోలేదు, బాగుపడ్డాయి. దానికి కారణం గాలి. ఏ పిట్టయినా వాలేటప్పుడూ లేచేటప్పుడూ గాలికి ఎదురుగానే ఉంటుంది, కూర్చున్నప్పుడు కూడా వీలైనంత వరకు గాలి వైపే ముఖం పెడుతుంది, లేకపోతే ఈకలు చెదిరిపోతాయి. మే నెలలో మాకు గాలి పడమర నుంచి, ఏడున్నరకల్లా ఊపందుకుంటుంది. నేను మొదట కూర్చున్నది తూర్పున. వెలుగు నా వెనకనుంచి బ్రహ్మాండంగా పడుతోంది, కానీ గాలి లేవగానే పిట్టలన్నీ నాకు వీపు చూపించేవి. ఉత్తరం వైపు మారాక పిట్ట ఎప్పుడూ పక్క నుంచే కనిపించింది. ఎండ కూడా పక్కనుంచి పడి రెక్క మీద ఒక్కో ఈకా విడిగా తెలిసింది, ఎదురుగా పడిన ఎండలో అదంతా చదునుగా ఉండేది. వెలుగు వీపు వెనక ఉండాలి అని పెళ్లి మండపాల్లో పదిహేనేళ్లు పాటించిన సూత్రాన్ని ఈ గుంతలో వదిలేశాను.

సెట్టింగులు అడిగేవాళ్ల కోసం: షటర్ 1/2500 సెకను, అపర్చర్ 5.6, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో వదిలి గరిష్ఠం 3200 దగ్గర ఆపాను. ఎర్రమట్టి వెనకాల ఉంటే కెమెరాలోని మీటరు వెలుగుని సరిగ్గానే కొలుస్తుంది. పిట్ట లేచి ఆకాశం మీదికి వస్తే మాత్రం నల్లగా పడుతుంది, ఒక స్టాపు, అంటే వెలుగు రెండింతలు, పెంచుకోవాలి. ఎగిరేటప్పుడు పట్టుకోవాలంటే వెంటపడి ఫోకస్ చెయ్యొద్దు. ఈ పిట్ట కట్టె మీంచి లేచి పురుగుని పట్టి మళ్లీ అదే కట్టె మీదికి వస్తుంది. కట్టె కొస మీద మాన్యువల్‌గా ఫోకస్ పెట్టి, పడమర వైపు ఫ్రేములో ఖాళీ వదిలి, కంటితో పిట్టని చూస్తూ వేలితో నొక్కాలి. వందలో ఐదారు కుదురుతాయి, అవి చాలు.

ఎనిమిదిన్నర తర్వాత లేచి ఇంటికి వచ్చేసేవాణ్ణి. ఎండకి భయపడి మాత్రమే కాదు. నేల కాగి, వేడి గాలి అలలు అలలుగా పైకి లేస్తుంది, పొడుగు లెన్సులోంచి చూస్తే పిట్ట అంచులు నీళ్లలో ఉన్నట్టు కదులుతుంటాయి. ఫోకస్ సరిగ్గానే ఉంటుంది, ఫోటో మాత్రం మెత్తగా వస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దీన్ని చూసి లెన్సు పాడైందనుకొని సర్వీసుకి ఇస్తుంటారు, అక్కర్లేదు, పొద్దున్నే ఆరుకి వెళ్తే చాలు.

ఆ వేసవిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వరస మే 22న దొరికింది. తేనెటీగతో వచ్చింది పిట్ట. తేనెటీగ నడుము దగ్గర ముక్కు కొసతో పట్టుకుంది, పట్టు చాలా చిన్నది, సూదితో ముత్యం పట్టుకున్నట్టు. మొదటి ఫ్రేములో తల ఎడమకి విసిరి కట్టెకేసి కొట్టింది. రెండో ఫ్రేములో కుడికి. నాలుగో ఫ్రేములో తేనెటీగ కాళ్లు వేలాడిపోయాయి. అప్పుడు దాన్ని ముక్కులోనే కొంచెం పైకి ఎగరేసి, తోక వైపు పట్టుకుంది, పట్టుకొని పొట్ట చివర భాగాన్ని కట్టె బెరడుకేసి రుద్దింది, మనం చెప్పుకి అంటిన బురద గడపకి రాసినట్టు, ముందుకీ వెనక్కీ. రుద్దుతున్నంతసేపూ కళ్లు మూసుకొనే ఉంది. పెద్దది చేసి చూస్తే బెరడు మీద తడి మచ్చ ఒకటి మెరుస్తోంది. ముల్లూ విషమూ అలా పోగొట్టి, మళ్లీ నడుము దగ్గర సర్దుకొని, గోడ వైపు వెళ్లిపోయింది. మొత్తం పదకొండు సెకన్లు. ఎదురుగా కూర్చున్న రోజుల్లో ఇది ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు నేను, ఎందుకంటే అప్పుడు వాటి ధ్యాసంతా నా మీదే ఉండేది.

మే చివర్లో ఒక రోజు గుంత దగ్గర ట్రాక్టరు ఆగి ఉంది. కొత్తగా కడుతున్న ఇంటి ముందు ఎత్తు చేసుకోవడానికి మొరం కావాలని మా వాడకట్టు ఆయనే ఒకాయన వచ్చాడు, నాకు వరసకి బావ అవుతాడు. గోడ దగ్గరే మట్టి వదులుగా ఉంటుంది, అక్కడే పార వెయ్యబోతున్నారు. నేను ఏం చెప్పాలో తెలియక కెమెరా తెరిచి చూపించాను. చాలాసేపు ఒక్కో ఫోటో ముందుకి జరుపుతూ చూశాడు.

"గివి గీ బొక్కలల్లనే ఉంటున్నయా? తీగె మీద గూసుంటయనుకున్న ఇన్నొద్దులు."

"లోపల పిల్లలున్నయ్ బావా. ఇంకో పదిహేను రోజులైతే ఎగిరిపోతయ్."

దక్షిణం కొస నుంచి తవ్వుకున్నారు. అక్కడ రాయి ఎక్కువ, పని రెండింతలు పట్టింది. అయినా ఆయన ఒక్క మాట అనలేదు, ఆ మేలు నేను మర్చిపోను.

బాట మీద నడిచేటప్పుడు మిగతావి కూడా కనిపిస్తాయి, వాటి గురించి ఒక్కటే జాగ్రత్త చెప్తా. ఎండిన చెరువు శిఖంలో తీతువు పిట్ట నేల మీదే, గులకరాళ్ల మధ్య, రాళ్లలాగే ఉండే గుడ్లు పెడుతుంది. దగ్గరికి వెళ్తే నెత్తి మీద తిరుగుతూ గోల చేస్తుంది, ఆ గోల చేసే ఫోటో కోసం అక్కడే నిలబడేవాళ్లని చూశాను. మే మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో అది గుడ్ల మీద కూర్చునేది వెచ్చగా ఉంచడానికి కాదు, నీడ పట్టడానికి. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొని వచ్చి మరీ వాటిని చల్లబరుస్తుంది. మనం పది నిమిషాలు నిలబడితే ఆ పది నిమిషాలూ గుడ్లు ఎండలో ఉంటాయి. తీతువు అరిచిందంటే తిరిగి వచ్చిన దారినే వెళ్లిపోవడం తప్ప ఇంకో పని లేదు.

ఇక పెరడు. గుంత నుంచి వచ్చాక పగలంతా అక్కడే. నీడ ఉంటుంది, అమ్మ రోజూ మట్టి మూకుడులో నీళ్లు పోసి కరివేపాకు చెట్టు కింద పెడుతుంది, పిచ్చుకలు, పిగిలిపిట్టలు, గోరింకలు, ఉడుతలు వంతులవారీగా వచ్చి తాగి పోతాయి. ఇక్కడ కూడా నాకు అదే అనుభవం. అమ్మ మూకుడుకి రెండు గజాల దూరంలో గిన్నెలు తోముతుంటే, చప్పుడు, నీళ్లు చిమ్మడం అన్నీ ఉన్నా పిచ్చుకలు హాయిగా తాగుతాయి. నేను వసారాలో, ఐదు గజాల దూరంలో, చప్పుడు చెయ్యకుండా చూస్తూ నిలబడితే ఒక్కటీ దిగదు.

"అట్ల గుడ్లప్పగించి చూస్తే ఏ పిట్ట వస్తదిరా? నీ పని నువ్వు చేస్కో, అవే వస్తయ్" అంది అమ్మ.

నిజంగానే అలాగే చేశాను. కెమెరాని ట్రైపాడ్ మీద మూకుడుకి మూడు మీటర్ల దూరంలో, నేల నుంచి జానెడు ఎత్తులో పెట్టి, ఫోన్ నుంచి షటర్ నొక్కే యాప్ పెట్టుకొని, నేను వంటింట్లో అటు తిరిగి చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నా. మధ్య మధ్యలో ఫోన్ వైపు చూడటమే. కెమెరాని అవి మొదటి గంట అనుమానంగా చూశాయి, తర్వాత పట్టించుకోలేదు. మూకుడు వెనక రెండు మీటర్ల దాకా ఖాళీగా ఉంచితే కరివేపాకు పచ్చదనం మెత్తటి తెరలా వస్తుంది, ఎత్తు తక్కువ కాబట్టి పిట్ట కంటికి కన్ను సమానంగా ఉంటుంది. నీళ్లు తాగి తల పైకెత్తిన పిగిలిపిట్ట ముక్కు కొసన చుక్క, ఆ చుక్కలో తలకిందులుగా మా పెంకుటిల్లు. అది నేను చూడకుండా తీసిన ఫోటో.

నిమ్మ చెట్టు మీద పురుగులు కూడా ఆ నెలంతా ఉన్నాయి. సీతాకోకచిలుకవి, చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటాయి, పెరిగాక ఆకుపచ్చగా మారతాయి. ఒకదాన్ని దగ్గర్నుంచి తీస్తుంటే లెన్సు అంచు ఆకుకి తగిలింది, తగలగానే తల వెనక నుంచి నారింజ రంగు జంట కొమ్ములు బయటికి పొడుచుకొచ్చాయి, ఘాటు వాసన. చూడటానికి చాలా బాగుంటుంది, ఆ ఫోటో ఎవరికి చూపించినా అబ్బా అంటారు. కానీ అది బెదిరిన పురుగు ఫోటో, బెదిరించింది నేను. ఇప్పుడు దాన్ని ఎవరికి చూపించినా ఆ మాట కూడా చెప్తాను.

ఇదే పెరట్లో రెండేళ్ల ముందు జరిగింది రాయకుండా ముగిస్తే అబద్ధం చెప్పినట్టు ఉంటుంది. దానిమ్మ కొమ్మకి తేనెపిట్ట గూడు కట్టింది. సాలెగూళ్లు, ఎండు నార, బెరడు ముక్కలు కలిపి సంచిలా వేలాడే గూడు, పక్కన గుమ్మం, గుమ్మం మీద చిన్న చూరు. లోపల రెండు గుడ్లు. గుమ్మానికి అడ్డంగా దానిమ్మ రెమ్మ ఒకటి ఉంది, ఫోటోలో అడ్డు వస్తోందని దాన్ని దారంతో పక్కకి లాగి కట్టాను. ఫోటోలు తీసుకున్నా. సాయంత్రం పెళ్లి రిసెప్షన్ ఒకటి ఉంటే హడావిడిగా బయల్దేరి దారం విప్పడం మర్చిపోయా. మర్నాడు వచ్చేసరికి గూడు పక్కన చీలిపోయి ఉంది, లోపల ఏమీ లేదు. కాకో, జెముడు కాకో తెలియదు. ఆ రెమ్మ అక్కడ ఊరికే పెరగలేదు, దాని చాటు చూసుకొనే ఆ పిట్ట అక్కడ కట్టుకుంది. చాటు తీసింది నేను. తల్లి పిట్ట ఆ రోజంతా మందార చెట్టుకీ దానిమ్మకీ మధ్య తిరిగింది. అమ్మ నన్ను ఏమీ అనలేదు, దారం మాత్రం తనే వెళ్లి విప్పింది.

ఇంత జరిగాక కూడా మొరం గుంతలో బొరియకి ఎదురుగా వెళ్లి కూర్చున్నాను చూడండి, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. రెమ్మ కట్టకూడదు, కొమ్మ విరవకూడదు, దగ్గరికి పోకూడదు అని నేర్చుకున్నా. ఏమీ ముట్టుకోకుండా, దూరంగా, కదలకుండా కూర్చొని చూడటం కూడా ఒక్కోసారి దారంతో రెమ్మ లాగి కట్టినట్టే అవుతుందని ఆ 27 నిమిషాల దాకా తెలియలేదు. అందుకే ఇప్పుడు గూళ్ల దగ్గర నాకున్న అలవాటు ఒక్కటే: ముక్కులో తిండితో పిట్ట ఐదు నిమిషాలు దాటి కూర్చుందంటే, నేను తప్పు చోట ఉన్నాను. లేచి వెళ్లిపోతాను, ఎంత మంచి వెలుగు ఉన్నా సరే. గుంత ఎక్కడుందో అడిగిన తోటి ఫోటోగ్రాఫర్లకి కూడా పిల్లలు ఎగిరిపోయేదాకా చోటు చెప్పలేదు. కొందరు నొచ్చుకున్నారు.

జూన్ మొదటి వారంలో వానలు పడ్డాయి. పెద్ద వాన పడిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, గోడ నానితే కూలుతుంది. పొద్దున్నే వెళ్లి చూస్తే గోడలో సగం జారిపోయింది. మూడు బొరియల్లో రెండు మట్టి కింద. కాసేపు అక్కడే నిలబడ్డా. తర్వాత బాట పక్కన కరెంటు తీగ మీద వరసగా తొమ్మిది పిట్టలు కనిపించాయి. ఐదింటికి తోకలో ఆ సూది ఈకలు లేవు, ఒంటి రంగు కూడా ఇంకా వెలిసినట్టుంది. ఆ ఏడు పుట్టినవి. వాన వచ్చే లోపే బయటికి వచ్చేశాయి.

తీగకి సూటిగా కింద, చాటు లేకుండా, నెట్టు లేకుండా నిలబడి తీశాను. దాచుకోవడానికి వాటికి ఇప్పుడు గూడు లేదు. ఒక పెద్ద పిట్ట తూనీగతో వచ్చి ఆ వరసలో వాలింది, పక్కనే ఉన్న పిల్ల రెక్కలు అల్లల్లాడిస్తూ నోరు తెరిచింది. రాత్రి టైములు చూశాను. వాలిన ఫ్రేము 6:52:10. తూనీగ పిల్ల నోట్లో ఉన్న ఫ్రేము 6:52:14.